మోటారు మీది ఆంప్స్ వేరు, సప్లై ఇచ్చే ఆంప్స్ వేరు

ప్రశ్న: సార్, మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. నాన్న తలుపులు, ద్వారబంధాలు, పూజా మందిరాలు చేస్తారు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను. ఇద్దరం కలిసి చెక్క మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రౌటర్ ఒకటి షెడ్డులోనే కట్టుకున్నాం. నాలుగు నెమా 23 స్టెప్పర్ మోటార్లు (ఒక్కో పల్స్‌కి ఒక్కో మెట్టు చొప్పున తిరిగేవి): ఎక్స్‌కి ఒకటి, వైకి రెండు, జెడ్‌కి ఒకటి. మోటారు వివరాల్లో 2.8 ఆంప్స్, 0.9 ఓమ్, 2.5 మిల్లీ హెన్రీ, 1.26 న్యూటన్ మీటర్ అని ఉంది. మోటార్లని నడిపే డ్రైవర్లు డీఎం542, వాటి మీది స్విచ్‌లు 2.84 ఆంప్స్‌కి, చుట్టుకి 1600 పల్స్‌లకి పెట్టాను. సప్లై 24 వోల్టులు, 15 ఆంప్స్ ఎస్‌ఎంపీఎస్. బాల్ స్క్రూ పిచ్, అంటే ఒక చుట్టుకి జరిగే దూరం, 10 మిల్లీమీటర్లు. కంట్రోలర్ ఆర్డుయినో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్, డ్రైవర్లకి పల్స్‌లు పంపేది అదే.

చెక్కేటప్పుడు ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఖాళీగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి నిమిషానికి 9000 మిల్లీమీటర్ల స్పీడులో పోయేటప్పుడు మాత్రం ఎక్స్ మోటారు గుయ్‌మని ఆగిపోతోంది. అక్కడి నుంచి డిజైన్ అంతా పక్కకి జరిగిపోతోంది. సామాను కొన్న కొట్టు ఆయన 2.8 ఆంప్స్, రెండు కాయిల్స్, నాలుగు మోటార్లు, మొత్తం 22.4 ఆంప్స్ కావాలి, నీది 15 కాబట్టి చాలట్లేదు, 30 ఆంప్స్‌ది తీసుకో అన్నారు. కానీ సప్లై దగ్గర మీటరు పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడు నాలుగింటికీ కలిపి 0.8, ఎక్స్ మెల్లగా కదిలితే 1.1, స్పీడు అందుకునేటప్పుడు 2.3 దాకా చూపించింది. మోటారు ఆగిపోయిన క్షణంలో పెరగాల్సింది పోయి తగ్గింది! అసలు మోటార్లకి కరెంటు అందుతోందా? ఇంకొకటి, 2.8 ఆంప్స్‌ని 0.9 ఓమ్‌తో గుణిస్తే రెండున్నర వోల్టులే వస్తోంది. 24 వోల్టులు ఇస్తే కాయిల్ కాలిపోదా? మోటార్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి, అది కూడా టెన్షన్‌గా ఉంది. రాత్రి మిషన్ ఆన్‌లో వదిలేస్తే బిల్లు ఎంత వస్తుందో కూడా అడగమన్నారు నాన్న.

సమాధానం: ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఆ 30 ఆంప్స్ సప్లై కొనకండి. కొన్నా మీ ఎక్స్ మోటారు అదే స్పీడు దగ్గర, అదే గుయ్‌మనే చప్పుడుతో ఆగుతుంది. ఇప్పుడున్న సప్లై ఇవ్వగలిగిన 15 ఆంప్స్‌లో మీ మిషన్ ఆరో వంతు కూడా వాడుకోవడం లేదని మీ మీటరే చెప్పింది. పెద్ద చెరువు పక్కన ఇంకో చెరువు తవ్వితే పొలానికి నీళ్లు పెరగవు కదా, కాలువ సంగతి చూడాలి.

కొట్టు ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన చేసిన గుణకారంలో తప్పు లేదు. గుణించిన వస్తువు తప్పు. పైగా మన భాష కూడా ఈ విషయంలో మనల్ని కొంచెం తికమక పెడుతుంది. కరెంటు పోయింది అంటాం, కరెంటు బిల్లు కట్టాం అంటాం, సాయంత్రం పూట ఫ్యాను మెల్లగా తిరిగితే లో కరెంటు వస్తోంది అంటాం. మొదటిది సరఫరా, రెండోది యూనిట్లు అంటే శక్తి, మూడోది వోల్టేజీ. మూడింటికీ మన నోట్లో ఒకటే మాట. స్టెప్పర్ మోటారు దగ్గరికి వచ్చేసరికి ఈ మూడూ మూడు దారుల్లో పోతాయి. అక్కడే అందరం ఒకసారి బోల్తా పడతాం.

సరే, మీ మొదటి ఆశ్చర్యం తీసుకుందాం. కాయిల్‌లో 2.84 ఆంప్స్ ఉంటే సప్లై దగ్గర మీటరు అంత తక్కువ ఎలా చూపిస్తుంది?

డ్రైవర్ అనేది కాయిల్‌కీ సప్లైకీ మధ్య వైరు ముక్క కాదు. అది సెకనుకు వేల సార్లు తెరిచి మూసే స్విచ్. కాయిల్‌కి ఒక మొండి గుణం ఉంది. కరెంటుని ఒక్కసారిగా ఎక్కనివ్వదు, ఎక్కాక ఒక్కసారిగా దిగనివ్వదు. చంటిపిల్ల ఊయల గుర్తుకు తెచ్చుకోండి. మొదట ఊపడానికి గట్టిగా తోయాలి. ఊగడం మొదలయ్యాక తాడు పట్టుకుని లాగుతూ కూర్చోనక్కర్లేదు, ప్రతి ఊపుకీ వేలితో చిన్న తోపు చాలు. డ్రైవర్ చేసేది అదే. 24 వోల్టులు కాయిల్ మీద పెట్టి కరెంటుని 2.84 దాకా ఎక్కిస్తుంది. ఎక్కగానే సప్లైని తప్పించి, కాయిల్ రెండు కొసల్నీ తన లోపలే కలిపేస్తుంది. కరెంటు కాయిల్‌లోనే, డ్రైవర్‌లోనే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. వైరు రెసిస్టెన్స్ వల్ల కొంచెం తగ్గగానే మళ్లీ సప్లైని కలిపి ఒక చిన్న తోపు. మళ్లీ తప్పించడం. ఇదే చాపింగ్. మోటారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు సన్నగా ఈల వేసినట్టు వినిపించేది కూడా చాలాసార్లు ఇదే.

మోటారు నిలబడి ఉన్నప్పుడు 0.9 ఓమ్ కాయిల్‌లో 2.84 ఆంప్స్ నిలబెట్టడానికి కావాల్సింది 2.56 వోల్టులు. చేతిలో ఉన్నది 24. కాబట్టి డ్రైవర్ సప్లైని పది పదకొండు శాతం సమయమే కలుపుతుంది. 2.84 ఆంప్స్ ఆ కాస్త సమయమే సప్లై నుంచి వస్తే, సగటున మీటరుకి కనిపించేది 0.3 ఆంప్స్. ఇదే లెక్క ఇంకో వైపు నుంచి చూడండి. కాయిల్‌లో వేడిగా పోయేది 2.84 × 2.84 × 0.9, అంటే 7.3 వాట్లు. సప్లై ఇచ్చేది 24 × 0.3, అంటే 7.2 వాట్లు. రెండూ ఒకటే. ఆంప్స్‌ని ఆంప్స్‌తో పోల్చకండి, వాట్లని వాట్లతో పోల్చండి. సప్లై వైపు ఎక్కువ వోల్టులు, తక్కువ ఆంప్స్. కాయిల్ వైపు తక్కువ వోల్టులు, ఎక్కువ ఆంప్స్. మీరు ట్రాన్స్‌ఫార్మర్ చదువుకున్నారు కాబట్టి ఇది మీకు కొత్త కాదు. ఇనుము, రాగి చుట్ల బదులు ఇక్కడ స్విచ్‌లు ఆ పని చేస్తున్నాయి, అంతే.

రెండు కాయిల్స్ కదా, రెట్టింపు చేయాలి కదా అని మీకు అనిపిస్తుంది. అక్కర్లేదు. ఒక్కో స్టెప్పుని చిన్న ముక్కలు చేసి నడిపే మైక్రోస్టెప్‌లో ఒక కాయిల్ కరెంటు సైన్‌లా, రెండోది కొసైన్‌లా నడుస్తుంది. ఒకటి శిఖరం మీద ఉన్నప్పుడు రెండోది సున్నా. రెండూ సమానంగా ఉన్నప్పుడు ఒక్కోదాంట్లో 2 ఆంప్సే. సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిపితే ఒకటి అని పదో తరగతిలో బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ నిజంగా పనికొస్తుంది: మోటారు ఏ కోణంలో ఆగినా రెండు కాయిల్స్ వేడి కలిపి అదే 7.3 వాట్లు.

ఇక మీరు రాసిన 0.8 చూద్దాం. 24 తో గుణిస్తే 19 వాట్లు, నాలుగు మోటార్లకి. డీఎం542 మీద నాలుగో స్విచ్ ఆఫ్‌లో ఉంటే, పల్స్‌లు ఆగిన కాసేపటికి డ్రైవర్ తనంతట తానే కరెంటుని తగ్గిస్తుంది. మోడల్‌ని బట్టి అది సగానికో, 60 శాతానికో దిగుతుంది. 60 శాతం కరెంటు అంటే వేడి 36 శాతమే. డ్రైవర్ల సొంత ఖర్చు కూడా కలుపుకుంటే మీ 19 వాట్లు అచ్చంగా రావాల్సిన అంకె. మీ మోటార్లకి కరెంటు అందుతోందా అన్న అనుమానం వదిలేయండి, అందుతోంది.

రెండున్నర వోల్టుల సంగతి కూడా దీంట్లోనే తేలిపోయింది. అది కాయిల్‌లో రేటెడ్ కరెంటు నిలకడగా పారేటప్పుడు పడే వోల్టేజీ, అంతే. అంతకు మించి ఇవ్వకూడదన్న హద్దు కాదు. హద్దు కరెంటుకి ఉంది, దాన్ని డ్రైవర్ కాపలా కాస్తోంది. వెనకటి రోజుల్లో ఈ కాపలా లేని డ్రైవ్‌లు ఉండేవి. కాయిల్‌కి వరసలో లావుపాటి రెసిస్టర్ పెట్టి ఎక్కువ వోల్టులు ఇచ్చేవాళ్లు. మోటారు తినేదానికంటే రెసిస్టర్ కాల్చేది ఎక్కువ. చలికాలంలో పిల్లి వచ్చి పడుకునేంత వెచ్చగా ఉండేవి ఆ డబ్బాలు.

అసలు విషయం ఇప్పుడు. నిలబడి ఉన్న మోటారుకి రెండున్నర వోల్టులు చాలితే 24 దేనికి? పరిగెత్తడానికి.

మీ మోటారు ఒక చుట్టుకి 200 స్టెప్పులు. అంటే కాయిల్‌లో కరెంటు ఒక చుట్టు తిరిగేలోపు 50 సార్లు పూర్తిగా పైకి కిందికి పోయి రావాలి. 9000 స్పీడు అంటే 10 మిల్లీమీటర్ల పిచ్ మీద 900 ఆర్‌పీఎం, సెకనుకు 15 చుట్లు. పదిహేను యాభైలు 750. సెకనుకు 750 సార్లు కరెంటు దిశ మారి రావాలి. అందులో సున్నా నుంచి శిఖరానికి ఎక్కడానికి ఉన్న సమయం మిల్లీ సెకనులో మూడో వంతు. కాయిల్ మొండి గుణం అన్నాను కదా, దాని పేరు ఇండక్టెన్స్, మీ కాయిల్‌ది 2.5 మిల్లీ హెన్రీ. 24 వోల్టులు దాని మీద పెడితే, వేరే అడ్డంకి ఏదీ లేకపోయినా 2.84 ఆంప్స్ ఎక్కడానికి 0.3 మిల్లీ సెకన్లు పడుతుంది. ఉన్న సమయం అంతా ఎక్కడానికే సరి. ఊయల పైదాకా పోకముందే వెనక్కి లాగుతున్నట్టు.

అడ్డంకి లేకపోతే అన్నాను. ఉంది, పెద్దదే. తిరిగే స్టెప్పర్ మోటారు జనరేటర్ కూడా. నమ్మకం లేకపోతే డ్రైవర్‌కి తగిలించని మోటారు ఒకటి చేతిలోకి తీసుకుని ఇరుసు తిప్పి చూడండి, తేలిగ్గా తిరుగుతుంది. ఒక కాయిల్ రెండు వైర్లూ కలిపి మళ్లీ తిప్పండి, బిర్రబిగిసిపోతుంది. మీరు పుట్టించిన కరెంటే మిమ్మల్ని ఆపుతోంది. మిషన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గాంట్రీని, అంటే కదిలే అడ్డ దూలాన్ని, చేత్తో గబగబా తోస్తే డ్రైవర్ మీద లైటు వెలగడం మీరు చూసే ఉంటారు, అది కూడా ఇదే. (అలా తోయడం మానేయండి, డ్రైవర్‌కి మంచిది కాదు.) మీరిచ్చిన 1.26 న్యూటన్ మీటర్, 2.8 ఆంప్స్ అంకెల నుంచి లెక్క కడితే, 900 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో కాయిల్‌లో పుట్టే ఎదురు వోల్టేజీ శిఖరం దాదాపు 30 వోల్టులు. మీ సప్లై 24. సప్లై కంటే ఎదురు వచ్చేదే ఎక్కువ!

ఈ రెండూ కలిపి చూస్తే, మీ మోటారులోకి పూర్తి 2.84 ఆంప్స్ పంపాలంటే 450 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 24 వోల్టులు కావాలి, 900 దగ్గర దాదాపు 47 వోల్టులు. అంటే 450 దాకా మీ మోటారు పూర్తి బలంతో తిరుగుతుంది, సుమారు 0.9 న్యూటన్ మీటర్. ఆ తర్వాత స్పీడు పెరిగే కొద్దీ బలం జారిపోతుంది. 900 దగ్గరికి వచ్చేసరికి సగం మిగిలితే గొప్ప. స్పీడు రెట్టింపు, బలం సగం, కాబట్టి మోటారు చేసే పని మాత్రం రెండు చోట్లా ఒకటే, నలభై వాట్ల చిల్లర. 24 వోల్టుల మీద ఆ మోటారు సత్తా అంతే. మీరు 30 ఆంప్స్ సప్లై పెట్టినా, 100 ఆంప్స్‌ది పెట్టినా ఆ నలభై మారదు, ఎందుకంటే తోపు ఇచ్చేది వోల్టేజీ.

పైగా ఇది కాగితం లెక్క. నిజం మోటారులో ఇనుము తినే నష్టం, అదురు, స్క్రూలో దూరిన పొట్టు ఇవన్నీ ఇంకొంత కొట్టేస్తాయి. మిగిలిన దాంతో బరువైన గాంట్రీని ఒక్క ఊపున 9000కి లేపాలి. ఎక్కడో ఒక స్టెప్పు జారుతుంది. స్టెప్పర్‌కి ఒకటి జారితే ఆగడమే, మళ్లీ అందుకోలేదు.

ఆగినప్పుడు మీటరు తగ్గడం గురించి. ఇది మీరు గమనించి రాసినందుకు నాకు నిజంగా సంతోషం వేసింది, చాలామంది చూడరు. మామూలు మోటారు, మన బోరు మోటారో మిక్సీనో, బిగుసుకుపోతే కరెంటు విపరీతంగా లాగుతుంది, వైండింగ్ కాలుతుంది. స్టెప్పర్ అలా కాదు. ఆగిపోయాక కూడా డ్రైవర్ అదే 750 సార్ల లయలో కాయిల్‌ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది, కానీ కదలిక లేదు కాబట్టి బయటికి పని పోవడం లేదు. కాయిల్ ఇండక్టెన్స్ ఆ వేగంలో కరెంటుని ఎక్కనివ్వదు. మిగిలింది కాయిల్ వేడి మాత్రమే, అది కొద్ది వాట్లు. బరువు మోసేవాడు బస్తా కింద పడేసి నిలబడ్డట్టు. అందుకే మీటరు దిగింది. సప్లై చాలకపోతే జరగాల్సింది ఇది కాదు, వోల్టేజీ కుంగాలి. అనుమానం ఉంటే ఎక్స్ డ్రైవర్ టెర్మినల్స్ దగ్గరే వోల్ట్‌మీటరు పెట్టి, మినిమం పట్టుకునే బటన్ ఉంటే అది నొక్కి, స్పీడు అందుకునేటప్పుడు చూడండి. 24లో వోల్టు, వోల్టున్నర కంటే ఎక్కువ పడితే వైర్లు సన్నవి లేదా సప్లై బలహీనం. పడకపోతే కొట్టు ఆయన మాట పక్కన పెట్టండి. వైర్లు సప్లై నుంచి ఒక్కో డ్రైవర్‌కి విడివిడిగా లాగండి, 1.5 స్క్వేర్ ఎంఎం సరిపోతుంది. ఒక డ్రైవర్ నుంచి ఇంకో డ్రైవర్‌కి దండ గుచ్చినట్టు గుచ్చకండి.

మరి ఏం చేయాలి?

పైసా ఖర్చు లేని దారి ముందు. జీఆర్‌బీఎల్‌లో ఎక్స్, వైల గరిష్ఠ స్పీడు 9000 నుంచి 4000కి దించండి. ఆక్సిలరేషన్ ఎంత పెట్టారో రాయలేదు. ఇప్పుడున్న అంకెని సగం చేసి మొదలుపెట్టండి. నాన్నగారు పని నెమ్మదిస్తుందని గొణుగుతారేమో, ఈ లెక్క చూపించండి. డిజైన్‌లో ఖాళీ పరుగు ఒక్కోటి సగటున 100 మిల్లీమీటర్లు అనుకుందాం. 9000లో అది 0.67 సెకన్లు, 4000లో 1.5 సెకన్లు. తలుపు మొత్తానికి అలాంటి పరుగులు 200 ఉన్నా తేడా మూడు నిమిషాల లోపు. చెక్కే స్పీడు మీది ఎలాగూ నిమిషానికి 2000, 3000 మధ్యే ఉండి ఉంటుంది, అంటే 200 నుంచి 300 ఆర్‌పీఎం. అక్కడ 24 వోల్టులు హాయిగా సరిపోతున్నాయి కాబట్టే చెక్కేటప్పుడు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. నేనైతే ఈ మార్పు ఒక్కటి చేసి నెల రోజులు నడిపి చూస్తాను.

స్పీడు కావాల్సిందే అంటే, ఆంప్స్ కాదు, వోల్టులు కొనండి. కొట్టులో 36 వోల్టులు, 9.7 ఆంప్స్ అని ఉన్న 350 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అడగండి. మీ దగ్గర ఉన్నది 24 × 15, అంటే 360 వాట్లు. వాట్లు దాదాపు అవే, ఆంప్స్ అంకె మూడో వంతు తగ్గింది, మిషన్ మాత్రం చురుగ్గా అవుతుంది. ఆ కొట్టు ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకు ఉంది. 36 మీద మీ మోటారు పూర్తి బలం 650, 680 ఆర్‌పీఎం దాకా నిలుస్తుంది, అంటే నిమిషానికి 6500 చిల్లర. సత్తా నలభై వాట్ల నుంచి అరవై దాటుతుంది. నాలుగు మోటార్లూ ఒకేసారి ఒళ్లు వంచి పనిచేసినా, నష్టాలతో కలిపి 330 వాట్ల దగ్గర ఆగుతుంది. అలా నాలుగూ ఒకేసారి ఎప్పుడూ చేయవు కూడా.

900 దగ్గర 47 వోల్టులు కావాలన్నాను కదా, మరి 48 వోల్టుల సప్లై ఎందుకు వద్దంటే, డీఎం542కి 50 వోల్టులు హద్దు. గాంట్రీ స్పీడులో ఉండి బ్రేకు పడ్డప్పుడు మోటారు జనరేటరై శక్తిని వెనక్కి సప్లై వైపు తోస్తుంది, ఆ క్షణం వోల్టేజీ పైకి లేస్తుంది. గట్టు నిండా నీళ్లు పెట్టుకుని వాన కోసం చూడటం మంచిది కాదు. 36లో ఆ బెంగ లేదు.

సప్లై మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఇప్పుడున్న 24 వోల్టుల మీద ఫ్యాన్లో, రిలేలో ఏమైనా నడుస్తుంటే వాటిని 36కి కలపకండి, వెంటనే పోతాయి. పాత సప్లైని వాటికే ఉంచేయండి.

పెద్ద మోటారు, నెమా 34, వేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. నెమా తర్వాత వచ్చే అంకె ముఖం కొలత మాత్రమే. 23 అంటే 2.3 అంగుళాలు, 34 అంటే 3.4. పెద్ద మోటారు నిలబడి ఎక్కువ బరువు ఆపుతుంది కానీ చాలావాటికి ఇండక్టెన్స్ ఎక్కువ, అదే 24 వోల్టుల మీద మీ మోటారు కంటే ముందే ఊపిరి అయిపోతుంది. మన దగ్గర మోటార్లని ఇన్ని కేజీలు అని అమ్మడం వల్ల వచ్చిన తంటా ఇది. 13 కేజీల మోటారు, 30 కేజీల మోటారు అంటారు. ఆ కేజీలు మోటారు కదలకుండా ఉన్నప్పటివి. పరుగులో ఎన్ని కేజీలో తెలియాలంటే టార్క్ కర్వ్, అంటే ఏ స్పీడులో ఎంత బలమో చూపే గీత, అడగాలి, అది ఏ వోల్టేజీ మీద గీసిందో కూడా చూడాలి. కర్వ్ లేకపోతే కనీసం మిల్లీ హెన్రీలు అడగండి. తక్కువ ఉన్నది పరుగు మోటారు.

పల్స్‌ల సంగతి కూడా ఒకసారి చూశాను. 1600 పల్స్‌ల మీద 900 ఆర్‌పీఎంకి సెకనుకు 24,000 పల్స్‌లు. ఊనో మీద జీఆర్‌బీఎల్ 30,000 దాకా లాగుతుంది కాబట్టి తప్పు అక్కడ లేదు. నున్నగా వస్తుందని 3200కి మార్చారంటే మాత్రం 48,000 అవుతుంది, కొత్త తలనొప్పి మొదలవుతుంది.

ఇక వేడి. చెయ్యి పెట్టలేనంత అన్నారు. మనిషి చెయ్యి 60 డిగ్రీల ఇనుము మీద కొద్ది సెకన్లు కూడా ఆగదు. స్టెప్పర్ మోటారుకి 60, 70 మామూలే, 80 అయినా కంగారు లేదు. సాధారణంగా ఈ మోటార్ల ఇన్సులేషన్ క్లాస్ బి, అంటే వైండింగ్ 130 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కానీ ఈ లెక్కలన్నీ గది చల్లగా ఉందనుకుని వేసినవి. మీ ఖమ్మంలో మే నెల రేకుల షెడ్డు అంటే మోటారు ఇంకా మొదలుపెట్టకముందే 44 డిగ్రీలు. కాబట్టి ఎండాకాలం మోటారు బాడీ 80 దాటకుండా చూసుకోండి, చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొంటే చాలు. మోటారుని బిగించిన ప్లేటు అల్యూమినియందైతే సగం వేడి అదే లాగేస్తుంది. చెక్క మీద బిగించి ఉంటే మార్చండి.

మీరు పెట్టిన 2.84 సెట్టింగ్ నిజానికి జాగ్రత్తైన సెట్టింగ్. డీఎం542 మీద అచ్చేసిన ఆ అంకె శిఖరం విలువ, పక్కనే ఇంకో వరసలో 2.03 అని ఉంటుంది చూడండి, అది ఆర్‌ఎంఎస్, అంటే వేడి లెక్కకి పనికొచ్చే ఒక రకం సగటు. మోటారు మీది 2.8 మాత్రం రెండు కాయిల్స్‌లోనూ ఒకేసారి 2.8 పారినప్పటి మాట. అప్పుడు వేడి 14 వాట్లు. మీరు ఇస్తున్నది 7.3, అంటే సగమే. నిదానం స్పీడులో ఇంకొంచెం బలం కావాలనిపిస్తే ఒక మెట్టు ఎక్కి 3.31 పెట్టుకోవచ్చు. బలం ఆరో వంతు పెరుగుతుంది, వేడి 10 వాట్లు అవుతుంది. అయితే అది చెక్కే స్పీడులో పనికొచ్చే బలం. 9000 దగ్గర ఏమీ ఒరగదు, అక్కడ 2.84 కే దిక్కులేదు. ఎండాకాలం పోయాక చేయండి.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. కాయిల్‌లో నిజంగా ఎన్ని ఆంప్స్ పోతున్నాయో చూద్దామని, పవర్ ఆన్‌లో ఉండగా మోటారు వైరు పీకి మధ్యలో మల్టీమీటర్ పెట్టడం. కరెంటుని ఒక్కసారిగా దిగనివ్వదు కాయిల్ అన్నాను కదా, వైరు పీకిన క్షణంలో ఆ కరెంటుకి దారి లేక వోల్టేజీ ఎగిసిపడుతుంది, డ్రైవర్‌లో స్విచ్‌లుగా పనిచేసే మాస్‌ఫెట్లు చచ్చిపోతాయి. నేను ఈ పాఠం ఒక డ్రైవర్ ఖర్చుతో నేర్చుకున్నాను. చిటుక్‌మని చిన్న చప్పుడు, ఎర్ర లైటు, అంతే. పైగా చాపింగ్‌లో ఉన్న కరెంటుని మామూలు మల్టీమీటరూ, ఏసీ క్లాంప్ మీటరూ సరిగ్గా చదవలేవు. మీరు చేసినట్టు సప్లై వైపు కొలిచి వాట్లలోకి మార్చడమే సులువు.

నాన్నగారి ప్రశ్న మిగిలింది. ఖాళీగా ఆన్‌లో ఉంటే మోటార్లూ డ్రైవర్లూ కలిపి 19 వాట్లు, ఎస్‌ఎంపీఎస్ నష్టం కలిపి 25 అనుకోండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, దాంట్లో మూడో వంతు. రాత్రి పది గంటలకి పావు యూనిట్. బిల్లంతా చెక్కే కత్తిని తిప్పే స్పిండిల్‌ది, ఈ మోటార్లది కాదు. అయినా రాత్రి పూట ఆపేయమనే చెబుతాను. షెడ్డు నిండా చెక్కపొట్టు, వేడి వేడి మోటార్లు, చూసేవాళ్లు లేరు. ఆపేస్తే మర్నాడు పొజిషన్ పోతుందని కదా ఆయన ఆన్‌లో వదిలేసేది? మూడు అక్షాలకీ హోమింగ్ స్విచ్‌లు (మిషన్ వెళ్లి తాకి తన మొదటి చోటు తెలుసుకునేవి) పెట్టి, పని మొదలుపెట్టిన మూలని జీఆర్‌బీఎల్ గుర్తుపెట్టుకునే జీ54 అనే ఖాతా కింద దాచుకోండి. పొద్దున్నే ఆన్ చేసి హోమింగ్ చేస్తే మిషన్ నిన్నటి మూలని తనే గుర్తుపడుతుంది.